'గోదావరి పక్కనే ఊరు, నీళ్ళకేం లోటు?' అనే ఫార్వర్డుకు జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మేసి భీమవరమో, అమలాపురమో, కాకినాడో వెళ్ళిపోతే మిగతా జీవితం హాయి అని దాని సారాంశం. గోదావరి పక్కనే కాబట్టి నీళ్ళకు లోటుండదు, గజం కొనే డబ్బుతో సెంటు వస్తుంది, నెల ఖర్చు సగానికి పడిపోతుంది, ఏ పనైనా పది నిమిషాల్లో అయిపోతుంది, ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసుకోవచ్చు అని వరసగా చెప్పి, చివర్లో 'ఆలస్యం చేయకండి, అమ్మేసి వచ్చేయండి' అంటుంది.

ఇవి మంచి ఊళ్ళు. ఇంటి అద్దె నిజంగానే తక్కువ, పిల్లల బడి దగ్గర, పక్కింటివాళ్ళు పలకరిస్తారు. వీటిలో మాకు తగువు లేదు. కానీ పదవీ విరమణ డబ్బంతా పోసి ఇల్లు కట్టుకోబోయేవాళ్ళు ఈ సందేశాన్ని పట్టుకుని లెక్కలు వేసుకుంటే గట్టిగా నష్టపోతారు. అందుకే ఒక్కో మాటా తీసి చూడాల్సి వస్తోంది.

నీళ్ళతో మొదలుపెడదాం. డెల్టాలో ఇల్లు, ఒళ్ళు, వంట అన్నీ వాటి మీదే నడుస్తాయి.

డెల్టా పట్టణాల్లో చాలావాటికి మంచినీళ్ళు కాలువ నుంచి వస్తాయి. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు మొదలవుతాయి. అవి తవ్వింది పొలాల కోసం. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతకొచ్చాక, సాధారణంగా ఏప్రిల్‌లో, కాలువలు కట్టేస్తారు. పూడికతీత, లాకుల మరమ్మతులు చూసుకుని సార్వాకు, అంటే తొలి పంటకు, జూన్ ప్రాంతంలో మళ్ళీ వదులుతారు. తేదీలు ఏటా కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఆ నడుమ నెలన్నర, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, మున్సిపాలిటీ ముందుగా నింపుకున్న సమ్మర్ స్టోరేజీ చెరువుతోనే ఊరంతా గడవాలి. ఎండకు చెరువు తగ్గుతుంది, నాచు పడుతుంది. మే మూడో వారానికి కుళాయి నీళ్ళకు రంగు తిరగడం, నీచు వాసన రావడం, రోజు విడిచి రోజు వదలడం చాలా చోట్ల మామూలే. రాజమహేంద్రవరం సంగతి వేరు. అది బ్యారేజీకి ఎగువన ఉంది, నదిలోంచే తోడుకుంటుంది. రాజమండ్రి కుళాయి చూసి అమలాపురం కుళాయిని అంచనా వేయకూడదు.

నలుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు, అంటే ఒక టిన్ను. స్నానాలకు, బట్టలకు, గిన్నెలకు మనిషికి 100 లీటర్ల లెక్కన మరో 400. ఐదు వేల లీటర్ల సంపు నిండా ఉంటే పన్నెండు రోజులు. వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే మేడ మీద పెట్టుకున్న ఇంట్లో మూడో రోజు నుంచి ఇబ్బంది మొదలవుతుంది. ఇల్లు కట్టేటప్పుడే సంపు పెట్టించుకోవాలి, తర్వాత తవ్వడం కష్టం. మూడు నుంచి ఆరడుగుల్లో నీళ్ళు ఊరే నేల ఇది. తవ్విన గుంట నిండిపోతుంది, ఖాళీగా ఉన్న సంపును కిందినుంచి నీళ్ళు పైకి తోసి పగలగొట్టిన సందర్భాలూ ఉంటాయి.

'కుళాయి లేకపోతే బోరు వేసుకుంటాం' అనేవాళ్ళకు అసలు చిక్కు ఇక్కడుంది. హైదరాబాద్ రాతినేలలో నీళ్ళు పడకపోతే ఇంకో రెండొందల అడుగులు దించుతారు. సముద్రం వైపు డెల్టాలో ఆ పని చేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. తియ్యటి నీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు. వాన నీళ్ళు, కాలువ ఊట కలిసి పైన ఒక పొరగా తేలుతూ ఉంటే, ఉప్పునీళ్ళు అడుగున ఉంటాయి. ఇరవై ముప్పై అడుగుల ఫిల్టర్ పాయింట్‌లో (లోతు తక్కువ చిన్న బోరు) బాగున్న నీళ్ళు వంద అడుగుల్లో నోట పెట్టుకోలేనంత ఉప్పగా ఉండొచ్చు. పెద్ద మోటారు పెట్టి గంటల తరబడి లాగితే కింది ఉప్పు పైకి పొంగుతుంది. పక్కన రొయ్యల చెరువు ఉంటే పక్కనుంచీ దిగుతుంది. అందుకే ఇక్కడ చిన్న మోటారుతో కొద్దికొద్దిగా, విరామం ఇచ్చి తోడుకోవాలి.

స్థలం చూడటానికి జనం సెప్టెంబర్‌లోనో సంక్రాంతికో వస్తారు. అప్పుడు కాలువలు నిండుగా పారుతుంటాయి, ఊట నీరు దిగి బోరు తియ్యగా ఉంటుంది. చూడాల్సింది మే నెలాఖరులో. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతో చూపే, జేబులో పట్టే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలే. ఆ వీధిలో నాలుగిళ్ళ బోరు నీళ్ళు గ్లాసులో పట్టి ముంచి చూడండి. తాగేనీటికి మన ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2,000 వరకు. 2,000 దాటితే ఇంట్లో పెట్టే ఆర్వో త్వరగా మూసుకుపోతుంది. మీటరు లేకపోతే ఆ ఇంటి ఇల్లాలిని ఒక్క మాట అడగండి: 'ఈ నీళ్ళకు కందిపప్పు ఉడుకుతుందా అమ్మా?' కఠిన జలంలో పప్పు బద్ద బద్దగానే ఉండిపోతుంది. గీజరు లోపల ట్యాంకుకు బదులు తాను కరిగిపోయే మెగ్నీషియం రాడ్డు ఉంటుంది. ఇలాంటి నీళ్ళకు దాన్ని ఏడాదికోసారి విప్పించి చూడకపోతే తరవాత ట్యాంకే చిల్లు పడుతుంది.

ఇక 'గజం ధరకు సెంటు'. సెంటంటే 48.4 గజాలు, కాబట్టి వినడానికి గొప్పగానే ఉంటుంది. సందేశంలో లేనిది మెరక ఖర్చు, అంటే పల్లపు స్థలాన్ని మట్టి పోసి లేపే ఖర్చు. పట్టణం అంచున అమ్మే లేఔట్లలో ఎక్కువ భాగం నిన్నటిదాకా వరి చేలు. రోడ్డు కన్నా రెండు మూడడుగులు పల్లం. పైగా రోడ్డు వేసిన ప్రతిసారీ అది ఇంకాస్త లేస్తుంది. ఇల్లు రోడ్డు కన్నా కనీసం రెండడుగులు ఎత్తులో ఉండాలంటే స్థలాన్ని కనీసం నాలుగు అడుగులు లేపాలి. ఐదు సెంట్లంటే 2,178 చదరపు అడుగులు. నాలుగు అడుగుల ఎత్తుకు 8,712 ఘనపుటడుగులు, అంటే వంద ఘనపుటడుగులు ఒక యూనిట్ చొప్పున 87 యూనిట్లు. దిమ్మిస కొడితే దిగిపోయేది ఇరవై శాతం కలుపుకుంటే సుమారు 105. ట్రాక్టర్ ట్రక్కు ఒక్కోటి యూనిట్ చొప్పున నూట ఐదు ట్రక్కులు. స్థలం బేరం చేసే ముందే ట్రక్కు రేటు కనుక్కుని ఈ లెక్క వేసుకోవాలి.

ఏ మట్టి పోస్తున్నారో కూడా చూడాలి. చెరువులు తవ్వగా వచ్చిన నల్లమట్టి చౌకగా వస్తుంది, అదే ముంచుతుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు తీసే మట్టి అది. దాని మీద వేసిన గచ్చు రెండో వేసవికే మధ్యలో కుంగుతుంది. గ్రావెల్ గానీ బుసక (ఇసుక పాలున్న మట్టి) గానీ తొమ్మిది అంగుళాల మందాన పొరలు పొరలుగా పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిస వేసి, ఒక వానాకాలం వదిలేయాలి. అడుగు నేలా నల్లమట్టే కాబట్టి మామూలు పునాదులు కదిలి గోడలకు ఏటవాలు పగుళ్ళు వస్తాయి. పైల్ ఫౌండేషన్‌కు, అంటే లోతుగా దించే స్తంభాల పునాదికి, వెళ్ళాలో వద్దో మట్టి పరీక్ష చేయించి ఇంజనీరు తేల్చాలి. మేస్త్రి అంచనా ఇక్కడ సరిపోదు.

కాంక్రీటులో ఏ నీళ్ళు కలుపుతున్నారన్నది ఇంకా ముఖ్యం. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనులకు మన ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. సైటులో బోరు ఉంది కదా అని ఉప్పునీళ్ళతో స్లాబు వేస్తే లోపల చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును తోస్తుంది. పదేళ్ళు గడవకముందే వంటింటి స్లాబు కింద పెచ్చులూడి చువ్వలు బయటపడిన ఇళ్ళు ఈ తీరంలో ఎన్నో. కాలువ నీళ్ళు ట్యాంకరుతో తెప్పించుకోండి, స్లాబు తడపడానికీ అవే వాడండి. చువ్వ చుట్టూ కాంక్రీటు పట్టేలా దాన్ని ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు కింద పెట్టారో లేదో దగ్గరుండి చూడండి.

'వరద లంకలకే కదా' అనే మాట కూడా ఆ సందేశంలో ఉంది. నది పొంగితే ముందు మునిగేవి నది నడుమ ఉండే లంకలే, నిజం. పట్టణాన్ని ముంచేది మాత్రం వాన. బల్లపరుపు నేల, మురుగు డ్రెయిన్లు నెమ్మదిగా సముద్రానికి పోవాలి. వాయుగుండం వచ్చినప్పుడు సముద్రం పోటు మీదుంటే డ్రెయిను నీళ్ళు దిగవు, వెనక్కి తంతాయి. భీమవరం పక్కనుంచి పోయే యనమదుర్రు లాంటి డ్రెయిన్ల ఒడ్డున స్థలం కొనేవాళ్ళు పక్కింటి గోడ మీద పాత నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసుకోవాలి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమలో కొబ్బరితోటలు ఎలా నేలకూలాయో ఆ వయసు వాళ్ళెవరూ మరిచిపోలేదు.

'సగం ఖర్చు' విషయానికొస్తే, అద్దె, పనివాళ్ళ కూలి తగ్గుతాయి. తిండి ఖర్చు అనుకున్నంత తగ్గదు. భీమవరం, కొల్లేరు చెరువుల శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తాకు, ఈశాన్య రాష్ట్రాలకు పోతాయి. ఇక్కడి రేటు ఆ మార్కెట్టును బట్టే ఉంటుంది. గోదావరి పులస సంగతి సరేసరి, వరద ఎర్రనీళ్ళు వచ్చిన రోజుల్లో ఒక్క చేప వేలల్లో పలుకుతుంది. కొబ్బరికాయ, అరటిపండు దగ్గరగా దొరుకుతాయి, అది ఒప్పుకోవాలి. కూరగాయలకు ఈ వరి నేల అంతగా పనికిరాదు. లంకల్లో పండేవి వస్తాయి, లంకలు మునిగిన నెలలో వంకాయ, బెండకాయ రేట్లు ఎగురుతాయి. ఉల్లి, టమాటా ఎక్కడో దూరం నుంచి దిగుమతే.

కరెంటు బిల్లు మాత్రం పెరగొచ్చు. హైదరాబాద్ ఎండ పొడి ఎండ, అక్కడ ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది. ఇక్కడ గాలిలోనే తేమ ఉంటుంది. కూలర్ తడి ఆరదు, గది చల్లబడదు, ఉక్క ఇంకా పెరుగుతుంది. సామాను లారీలో కూలర్ వేసుకు రాకండి. ఏసీ కొనేటప్పుడు బయటి యూనిట్ కాయిల్‌కు తుప్పు పట్టని పూత ఉందో లేదో అడగండి, ఉప్పుగాలి రాగి గొట్టాలను తినేస్తుంది. దోమతెరలు అన్ని కిటికీలకూ తప్పవు.

'పది నిమిషాల్లో' అనేది బజారు పనులకు సరిపోతుంది. అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి, నరసాపురం లైను 2000-01లో మంజూరైంది, గౌతమి, వైనతేయ, వశిష్ట మూడింటి మీదా వంతెనలు కట్టాలి. రాజమండ్రి చేరాలంటే అరవై కిలోమీటర్లు దాటిన రోడ్డు ప్రయాణం. సంక్రాంతికి పిల్లలు రావాలంటే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. జనవరి 11 ప్రయాణానికి నవంబర్ 12 ఉదయం 8 గంటలకు కూర్చోవాలి.

వైద్యం దగ్గర ఈ పది నిమిషాల మాట ప్రమాదకరం. గుండెపోటులో గడ్డ కరిగించే ఇంజక్షన్ మొదటి మూడు గంటల్లో పడితే ఎక్కువ మేలు. మెదడుకు రక్తం ఆగినప్పుడు నాలుగున్నర గంటలు హద్దు, అదీ ముందు సీటీ స్కాన్ తీశాకే. పెద్ద ఆసుపత్రులున్నా రాత్రి రెండు గంటలకు క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళంలో అడ్డు తీసే గది) నడిపే డాక్టరు ఊళ్ళో ఉంటాడా, స్కాన్ తీసే మనిషి ఉంటాడా అన్నదే అసలు ప్రశ్న. ఇల్లు చూసేముందు ఆ ఆసుపత్రికి రాత్రిపూట ఫోన్ చేసి ఈ రెండూ అడగండి. డయాలసిస్ మీదున్నవాళ్ళకు వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగేసి గంటలు. ఆ సెంటరుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు ఉంటే మంచిది.

ఇంటర్నెట్ గురించి ఒక్క ప్రశ్న చాలు. ఫైబరు తీగ నేరుగా మీ ఇంట్లోకి వస్తుందా, లేక వీధిలో స్విచ్ పెట్టె పెట్టి అక్కణ్ణుంచి మామూలు కేబుల్ లాగుతారా? రెండోదైతే వీధి పెట్టెకు కరెంటు పోగానే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఆగిపోతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తలో రెండు ఫ్యాన్లు, ల్యాప్‌టాప్, రౌటర్, ఒక లైటును దాదాపు ఐదు గంటలు నడుపుతుంది. తుపాను తర్వాత స్తంభాలు పడిపోతే కరెంటు రావడానికి రోజులు పట్టొచ్చు. ఆఫీసుకు ఆ మాట ముందే చెప్పి ఉంచాలి.

'అమ్మేసి వచ్చేయండి' అన్న చివరి మాటకు మా జవాబు: ఫ్లాట్ అద్దెకిచ్చి రండి. ఇక్కడ ఏప్రిల్‌లో, కాలువలు కట్టేసే ముందు, అద్దె ఇంట్లో దిగండి. మే నెలాఖరున కుళాయి, బోరు రెండింటి నీళ్ళూ సీసాల్లో పట్టి పరీక్షకు ఇవ్వండి. కొనాలనుకున్న స్థలం దగ్గరికి అక్టోబర్‌లో పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్ళి, నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో, ఎన్నాళ్ళకు దిగాయో రాసుకోండి. సెంటు బేరం డిసెంబర్‌లో మొదలుపెట్టండి.