ఈ పని ఎవరి పేరు మీద ఉంది?

పోయిన ఎండాకాలంలో నాయన నాలుగు రోజులు బీపీ మాత్రలు లేకుండా ఉన్నాడు. మేము ముగ్గురు పిల్లలం. రోజూ ఫోన్ చేస్తాం, 'తిన్నావా నాయనా' అని వాట్సాప్ గ్రూపులో అడుగుతాం. చిత్తూరు నుంచి తమ్ముడు తెచ్చిచ్చి ఉంటాడులే అని తిరుపతిలో ఉన్న నేను అనుకున్నాను. దగ్గర్లో ఉండేది అన్నే కదా అని వాడనుకున్నాడు. డబ్బులు పంపాను, ఎవరో ఒకరు కొనుంటారని చెల్లెలు అనుకుంది. ఐదో రోజు తెల్లవారుజామున నాయన కళ్లు తిరిగి పడిపోయాడు. 'ఈయన మందులు చూసుకునేది ఎవరు?' అని ఆస్పత్రిలో డాక్టరు అడిగితే ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మాలో ప్రేమకు తక్కువేమీ లేదు. ఆ మందుల మీద ఎవరి పేరూ లేదు, అంతే. అప్పటి నుంచి నాకు ఒక విషయం గట్టిగా పట్టుకుంది. 'నీ ముఖ్యమైన బాధ్యత ఏదో తెలుసుకో, టెన్షన్ తగ్గుతుంది' అని చెబుతుంటారు. కానీ అది ఒక్కళ్లమే కూర్చుని డైరీలో రాసుకుంటే తేలదు. నేను చేయకపోతే ఏది ఆగిపోతుంది, నేను వదిలేస్తే ఏది ఇంకొకరు అందుకోగలరు అన్నది ఆ ఇంకొకరిని ఎదురుగా కూర్చోబెట్టుకునే తేల్చుకోవాలి.

తిరుమల కొండ మీద రోజూ చీకటితోనే గుడి తెరుస్తారు. సన్నిధి గొల్ల దివిటీ పట్టుకుని ముందు నడుస్తాడు. తాళంచెవులు, తలుపు గడియ తీసే కుంచెకోల అర్చకుల చేతిలో ఉంటాయి. బంగారు వాకిలి ముందు సుప్రభాతం చదివేవాళ్లు వేరే. ఎవరి పని ఏదని ఆ వేళ ఎవరూ ఎవరినీ అడగరు. అది తరతరాలుగా వస్తున్న పద్ధతి.

మన ఇళ్లలోనూ తరతరాలుగా వస్తున్న పంపకం ఒకటుంది. ఎవరూ నోటితో చెప్పరు, అందరూ పాటిస్తారు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. అసలు వంటింటి గడపే తొక్కని మగవాళ్లను పక్కన పెట్టి, ఎంతో కొంత చేసేవాళ్లను మాత్రమే తీసుకున్న లెక్క ఇది. ఫ్యాక్టరీల్లో రోజు పనివేళల పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచడానికి 2025లో మన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనికి బస్సు ఎక్కే ఆడమనిషికి 10 గంటల షిఫ్టు, ఇంట్లో దాదాపు 5 గంటల చాకిరీ పోగా, బస్సు ప్రయాణానికీ నిద్రకూ కలిపి మిగిలేది 9 గంటలు. 'నీకు ఏది ముఖ్యమో తెలుసుకోమ్మా' అని ఆమెకు సలహా చెప్పడం అన్యాయం. ఆమెకు తెలుసు. తెలియాల్సింది ఆ ఇంట్లో మిగతావాళ్లకు.

ఇల్లేమన్నా ఆఫీసా వంతులేసుకోవడానికి, అని పెద్దవాళ్లు అంటారు. వంతుల దగ్గర మాట పెరిగి విడిపోయిన అన్నదమ్ముల్ని నేనూ చూశాను. కానీ వాళ్ల గొడవ మూలం చూస్తే, ఏళ్ల తరబడి ఏమీ మాట్లాడుకోకుండా అంతా ఒక్కరి మీదే పడేసి ఉంటారు. మా ఇంట్లో ఇప్పుడు మందులు తమ్ముడివి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం నాది, ఖర్చు చెల్లెలిది. ప్రేమ ఏమీ తగ్గలేదు.

ఇంట్లో కనీసం అడిగే చనువుంటుంది. సర్కారు కొలువులో అదీ లేదు. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అయినా మన రాష్ట్రంలో కొన్నేళ్లు బడి మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లే తీసి యాప్‌లో ఎక్కించారు. 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు ఒక్కో ఉద్యోగికి ఒక్కో జాబ్ చార్ట్, అంటే ఎవరి పనుల జాబితా వాళ్లకు, అన్నారు. 2024 జూలై నుంచి ఒకటో తేదీ వస్తే ఇంజనీరింగ్ అసిస్టెంట్ కూడా పింఛను డబ్బు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ముసలివాళ్లకు ఇంటి దగ్గరే డబ్బు అందడం మంచిదే, నేను కాదనను. ఆ రోజు అతను కొలతలు తీయాల్సిన డ్రైనేజీ కాలువ ఎవరిది? పని ఆగితే మాట పడేది మళ్లీ అతనే. పైవాళ్లు తేల్చని ప్రతిదీ కిందివాడికి టెన్షన్‌గా దిగుతుంది. ఆ తర్వాత వాడికే ఒత్తిడి తగ్గించుకోమని క్లాసు పెడతారు.

నేను అడిగేది చిన్న మార్పు. కొత్త పని అప్పగించే ప్రతి ఉత్తర్వులో, దాని కోసం ఏ పాత పని పక్కన పెట్టాలో కూడా రాయాలి, కింద ఆ అధికారి సంతకం ఉండాలి. కలెక్టరేట్ నుంచి వచ్చే సర్క్యులర్‌కైనా, కొత్త కోడలికి అత్తగారు చెప్పే పనికైనా నాకు ఇదే లెక్క.