వ్యాసాలు చదవొద్దు, సభ చెడుతుంది

సాహిత్యాభిమానులకు ఒక హెచ్చరిక. నవలాకారుల నవలలు ఎన్నైనా చదువుకోండి, అడిగేవాడు లేడు. కానీ వాళ్లు పత్రికలకనీ, రేడియోకనీ, ఎవరో పట్టుబడితే కాదనలేకనీ రాసిచ్చిన చిన్నాచితకా రచనలన్నీ పోగుచేసి వేసే సంపుటాలు ఉంటాయే, వాటి జోలికి మాత్రం పోవద్దు. ముఖ్యంగా తిరుపతిలో ఉంటూ, సాహిత్య సభలకు పోక తప్పనివాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు మైకు చేతికొచ్చే ప్రమాదం ఉన్నవాళ్లు అసలు పోవద్దు.

ఎందుకంటే నవలలో రచయిత దొరకడు. ఏ మాటైనా పాత్ర అన్నదని తప్పించుకుంటాడు, ఆయన వెనకే మనమూ తప్పించుకుంటాం. 'మధ్యతరగతి జీవితానికి అద్దం పట్టారు' అంటే చాలు, చప్పట్లు. ఆ అద్దంలో ఎవరి మొహం కనిపించిందని ఏ సభలోనూ ఎవరూ అడగరు. పైగా ఆ వాక్యం శాలువా లాంటిది, కొలతలు తీసుకోకుండా ఎవరికైనా కప్పొచ్చు. వ్యాసం అట్లా కాదు. కింద సొంత పేరు పెట్టుకుని, ఫలానాది శుద్ధ దండగ అని సొంత నోటితో రాసేసి ఉంటాడు. ఆ ఫలానా పని మనం పొద్దున్నే చేసొచ్చి ఉంటాం.

కొడవటిగంటి కుటుంబరావునే తీసుకోండి. 1909లో తెనాలిలో పుట్టి, ఫిజిక్స్ చదివి, 1980లో పోయేదాకా రాస్తూనే ఉన్న మనిషి. ఆయన సాహిత్యాన్ని సంపుటాలుగా కూర్చిన కేతు విశ్వనాథరెడ్డి గారు మనకు పరాయివారేం కాదు, కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద ఇక్కడి ఎస్వీ యూనివర్సిటీలోనే పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నవారు. కథలు, నవలలు అయితే ఫర్వాలేదు. సినిమా వ్యాసాలు, సైన్సు వ్యాసాలు, చరిత్ర వ్యాసాలు, సంస్కృతి వ్యాసాలు అంటూ అవి కూడా విడివిడిగా పుస్తకాలై వచ్చాయి. రేపు ఆయన మీద సభ పెట్టుకునేవాళ్ల గతేంటని ఒక్కరైనా ఆలోచించలేదు.

ఏం జరిగిందో చెప్తాను. ఈ మధ్య ఆయన మీద మా ఊళ్లో ఒక సభ పెట్టారు. ఆదివారం సాయంత్రం. కార్డులో ఆరు దాటి ఐదు నిమిషాలకు అని వేశారు, ఎందుకంటే ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. మాట్లాడుకునేది హేతువాది గురించే కావొచ్చు, ఆ సంగతి రాహువుకు తెలియదు కదా. జ్యోతి వెలిగించారు, ప్రార్థనగా అన్నమయ్య కీర్తన పాడారు, మొదటాయన అద్దం అన్నాడు, రెండో ఆయనా అద్దమే అన్నాడు. అంతా సవ్యంగా పోతా ఉంది.

మూడో వక్త ఒక కుర్రవాడు. ఇంకా ఉద్యోగం రాలేదు, కావలసినంత టైముంది, దాంతో వ్యాసాలన్నీ చదివేశాడు. లేచి నిలబడి, ఈ మనిషి జీవితమంతా శాస్త్రీయ దృష్టి గురించి మొత్తుకున్నాడు, మనమేమో ఆయన సభకే రాహుకాలం చూసుకున్నాం అన్నాడు. అందరూ కార్డు తీసి టైం చూసుకున్నారు. అధ్యక్షుల వారు అనుభవం ఉన్న మనిషి, వెంటనే చందమామను అడ్డం వేశారు. 'కుటుంబరావు గారు 1952 నుంచి కడదాకా చందమామకు పనిచేశారు. దయ్యాల మీద నమ్మకం లేనివాడు బేతాళుడి చేత అంత బాగా ఎట్లా మాట్లాడిస్తాడు నాయనా?' సభ తెరిపిన పడింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ వ్యాసాల్లో ఇప్పుడెవరికీ పట్టని సంగతులు చాలానే ఉన్నాయి. మనం చూడని, ఇక చూడబోని సినిమాలతో ఆయన పెట్టుకున్న తగువులు పేజీలకు పేజీలు చదువుతుంటే ఆవలింతలొస్తాయి. పుస్తకం పక్కన పెడదాం అనుకునేలోగా ఒక వాక్యం వచ్చి, బుగ్గ గిల్లినట్టు కూడా కాదు, చెంప పగలగొట్టినట్టు తగులుతుంది. నవలలో అయితే ఆ వాక్యానికి ముందు నలభై పేజీల మెత్తదనం ఉండేది. ఇక్కడ ఏమీ లేదు, నేరుగా తగలడమే. ఇంత వయసొచ్చాక డబ్బులిచ్చి మరీ అట్లా తన్నించుకోవడం దేనికి?

ఇదంతా కాగితం చవకైపోయి వచ్చిన తంటా అని నా అభిప్రాయం. తాళ్లపాక వాళ్లు కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. అన్నమయ్య 32,000 కీర్తనలు రాశాడంటారు, దొరికినవి 12,000 పైచిలుకు. మిగతావి పోయినంత మాత్రాన ఆయన కీర్తికేమైనా లోటొచ్చిందా? ఇక మీదట నవలాకారుల వ్యాసాలు కూడా రాగిరేకుల మీదే వెయ్యాలని రూలు పెడితే, ఇప్పటి రాగి ధరకు, ఏవి ఉంచాలో ఏవి వదిలెయ్యాలో ప్రచురణకర్తకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముందుమాటలు ఆరేడు ఉన్నచోట ఒక్కటే మిగులుతుంది, అదీ చిన్నదే.

సభ అయ్యాక కాఫీల దగ్గర కుర్రవాణ్ణి పక్కకు పిలిచి, 'ఆయన రాసింది ఆయన కాలానికి సామీ, నువ్వు నవలల గురించి నాలుగు మాటలు చెప్పి దిగిపోతే పోయేది కదా' అని పెద్దలు మంచిగానే చెప్పారు. వచ్చే సభకు అతణ్ణి పిలవాలా వద్దా అనే చర్చ నడుస్తోంది. వందన సమర్పణ అప్పగిద్దాం, అందులో పేర్లు చదవడం తప్ప ఇంకేముండదు కదా అని ఒకరన్నారు. ఆ పేర్లలో కొందరు రాసిన వ్యాసాలు కూడా అతను చదివేశాడని ఇంకొకరన్నారు. కమిటీ మళ్లీ కూర్చుంటుంది, మంచిరోజు చూస్తున్నారు.