జతలు నాలుగే, మిగతావాళ్ళు దాదులు

దేశానికి బడ్జెట్ వేసేవాళ్ళను చూస్తే నాకు జాలి కలగదు. వాళ్ళు రాసిన అంకె తప్పైతే ఐదేళ్ళదాకా అడిగే నాథుడుండడు. రోలర్ పావురాలు పెంచేవాడి సంగతి అలా కాదు. ఈసారి ఎన్ని జతలు కట్టాలో సీజన్ మొదట్లోనే కాగితం మీద ఒక్క అంకె రాసుకుంటాడు. అది తప్పని నెలన్నర తిరక్కుండానే ఒక్కో అరలోంచి రెండేసి ముక్కులు నోళ్ళు తెరిచి అరిచి మరీ చెబుతాయి.

తెలియనివాళ్ళకు రెండు మాటలు. రోలర్ అంటే హాయిగా ఎగురుతున్నదల్లా ఉన్నట్టుండి వెనక్కి పల్టీలు అందుకుని, రెక్కలూ తోకా ఏవేవో తెలియని బంతిలా కిందికి దొర్లి, సగంలో తేరుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ గుంపులో కలిసే పావురం. బర్మింగ్‌హామ్ పేరు మీద చలామణీ అయ్యే రకం వీటిలో పేరున్నది. పావురాల పిచ్చి చిన్నదేమీ కాదు. డార్విన్ అంతటివాడు ఇంట్లో పావురాలు పెంచి, లండన్‌లో పావురాల క్లబ్బుల్లో చేరి, 1859లో వేసిన పుస్తకం మొదటి అధ్యాయంలోనే వాటి గురించి పేజీలకు పేజీలు రాశాడు. జీవజాతుల పుట్టుక గుట్టు విప్పిన ఆ పుస్తకం, ఈ ఏడు ఆరు జతలు కట్టాలా ఎనిమిది కట్టాలా అన్న నా ప్రశ్న దగ్గర మాత్రం మౌనం వహించింది.

కాగితం మీద లెక్క పసిపిల్లలు కూడా చెయ్యగలరు. పావురం విడతకు రెండే గుడ్లు పెడుతుంది. ‘ఇద్దరు ముద్దు’ అన్న నినాదాన్ని సృష్టిలో ఇంత నిష్ఠగా పాటించే జీవి ఇంకోటి ఉండదేమో. ‘ఆపై వద్దు’ దగ్గరే చిక్కు. పద్దెనిమిది రోజులు పొదుగుతారు, పగలు చాలాసేపు నాన్న, మిగతా వేళంతా అమ్మ. పిల్లలకు మూడు వారాలు నిండాయో లేదో, అమ్మ పక్క గిన్నెలో ఇంకో రెండు పెట్టేస్తుంది. అలా సీజన్‌కు నాలుగు విడతలు అనుకుంటే ఆరు జతలకు నలభై ఎనిమిది పిల్లలు. నాకు కావలసింది ఇరవై. పెద్ద పోటీల్లో గుంపు అంటే మహా అయితే ఇరవై పిట్టలే. ఇరవై నిమిషాలు ఎగరాలి, కనీసం ఐదు ఒకేసారి దొర్లితే గానీ మార్కు పడదు. ఇరవై కావాలంటే మూడు జతలు చాలు. ఇదీ లెక్క. ఈ లెక్కకు కట్టుబడ్డ మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఎందుకంటే అంకె వెయ్యగానే భయం మొదలవుతుంది. పిల్ల కట్టని గుడ్లు కొన్ని ఉంటాయి, వాటికో జత. డేగ వాటా తప్పదు, దానికో జత. ఆ డేగకైనా, పల్టీ కొట్టి గుంపు నుంచి విడిపోయిన పిట్టే చిక్కుతుంది. అంటే నాసిరకాన్ని నాకు వదిలి మేలైనదాన్ని ఏరుకుపోయే రుచి దానిది. కొన్ని దొర్లడం మొదలుపెట్టి ఆపడం మరిచిపోయి నేలను గుద్దుకుంటాయి, వాటికి ఇంకో జత. ఇలా దుర్ఘటనలన్నిటికీ ముందే పిల్లల్ని కేటాయించాక మూడు జతలు కాస్తా ఏడవుతాయి. ఆ ఏడాది దుర్ఘటనలు జరక్కపోతే అది ఇంకా పెద్ద దుర్ఘటన.

పెంపకందారుల్లో రెండు మతాలున్నాయి. తక్కువ జతల మతం వాళ్ళు, మేటి జతలు మూడో నాలుగో చాలంటారు. రోలర్ పుట్టగానే తన సంగతి చెప్పదు. ఎగరడం వచ్చిన కొన్ని నెలలకు గానీ తోక మీద కూర్చున్నట్టు వంగి మొదటి పల్టీ వెయ్యదు. బాగా వేసిందని మురిసిపోతే ఆరు నెలలకు చెడుతుంది, వెయ్యట్లేదని తిట్టుకున్నది రెండో ఏట అదరగొడుతుంది. అంటే ప్రతి పిల్లనీ ఏడాదికి పైగా మేపాలి, ఎగరెయ్యాలి, మెడలు నొప్పెట్టేలా ఆకాశంలోకి చూడాలి. అరవై పిల్లలుంటే అన్నిటినీ చూసేదెవరు? చూడకుండా పెంచితే అవి పావురాలే గానీ రోలర్లు కావు.

ఎక్కువ జతల మతం వాళ్ళదీ న్యాయమే. రెండు మేటి పిట్టల్ని జత కడితే మేటి పిల్లే పుడుతుందన్న హామీ లేదు. దొర్లుడు రక్తంలో వస్తుంది గానీ కొలత ప్రకారం రాదు. పాళ్ళు ఎక్కువైతే నేలకు కొట్టుకుంటుంది, తక్కువైతే మామూలు పావురంలా నాలుగు చక్కర్లు కొట్టి గూటికొస్తుంది. ఆ రెంటి మధ్య సన్నని ఇరుకులో పుట్టినదాన్ని ఏరుకోవాలంటే ఏరడానికి రాశి ఉండాలి కదా.

నేను రెండు మతాలూ పుచ్చుకున్నాను. జతలు కట్టేనాడు తక్కువ మతం, పిల్లల్ని ఎవరికైనా ఇచ్చెయ్యాల్సిన నాడు ఎక్కువ మతం.

మొన్నటి సీజన్‌కు మాత్రం గట్టిగా అనుకున్నాను. నాలుగే జతలు. పుస్తకంలో రాసి, కింద గీత గీసి, ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాను. ఆ రాత్రే దాది పథకం తట్టింది.

పథకం ఇది. మేటి జత గుడ్లు తీసేసి ఇంకో జత కింద పెడితే, మేటి జత పది రోజుల్లో మళ్ళీ పెడుతుంది. ఆ ఇంకో జత పొదుగుతుంది, మేపుతుంది. అంటే అది సంతానానికి ఉద్దేశించిన జత కాదు, దాది. దాదుల్ని జతల లెక్కలో వెయ్యడం న్యాయం కాదు. పైగా తేదీలు కలవాలి. పావురాలకు పెంకు పగిలి పిల్ల బయటికొచ్చే వేళకే గొంతు సంచిలో పాలు ఊరతాయి. అమ్మకే కాదు, నాన్నకు కూడా. (తండ్రులకు పాలిచ్చే పని కూడా పెట్టిన ఈ జాతిని మన జాతి మగవాళ్ళు ఇంకా ఎందుకు బహిష్కరించలేదో తెలియదు.) నాలుగు రోజులు అటూఇటూ అయితే పాలుండవు, పిల్ల దక్కదు. అందుకని ఒక్కో మేటి జతకు ఇద్దరిద్దరు దాదుల్ని సిద్ధంగా ఉంచాలి. నాలుగు రెళ్ళు ఎనిమిది. జతలు నాలుగే. మిగతా ఎనిమిదీ సిబ్బంది.

సిబ్బంది పెట్టే సొంత గుడ్లు తీసేసి చెక్క గుడ్లు పెట్టాలన్నది నియమం. నియమం ఉంది. ఒక రాత్రి మూడో దాది గుడ్డు తీసి, పారేసేముందు ఊరికే టార్చి వెలుగుకు పట్టి చూశాను. ఐదో రోజు గుడ్డు. పెంకు లోపల గులాబీ రంగు వెలుగు, అందులో సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు, నడుమ ఆవగింజంత చుక్క. చుక్క కొట్టుకుంటోంది. గుడ్డు నా చేతిలో వెచ్చగా ఉంది. తీసుకెళ్ళి ఎక్కడిదక్కడ పెట్టేసి, పుస్తకంలో ‘మినహాయింపు 1’ అని రాశాను. ఆ సీజన్‌లో మినహాయింపులు పదకొండుకు తేలాయి. అప్పటికీ టార్చి పట్టుకోవడం మానేస్తే పోయేది. మానేస్తే నియమాన్ని నిర్లక్ష్యం చేసినట్టవుతుందని మానలేదు.

ఇక రింగులు, అంటే ఏ పిట్ట ఏదో గుర్తుపట్టడానికి వేసే అంకెల కడియాలు. పిల్ల పుట్టిన వారానికి కాలికి తొడగాలి. ముందు మూడు వేళ్ళూ కలిపి రింగులోంచి దూర్చి, వెనక వేలిని కాలికి ఆనించి లాగితే చటుక్కున ఎక్కుతుంది. రెండ్రోజులు ఆలస్యమైతే పాదం లావెక్కి ససేమిరా అంటుంది. రింగులు నలభై తెప్పించాను. రింగులు అయిపోతే ఇక పిల్లలు వద్దనే కదా అర్థం, ఇంతకు మించిన అదుపు ఏముంటుందని నా ధీమా. రింగులు అయిపోయాయి. పిల్లలు ఆ సంగతి పట్టించుకోలేదు. కాలికి ఏమీ లేకుండా తిరిగే తొమ్మిదింటిని ఏ పేరున రాయాలో తోచక ‘అతిథులు’ అని రాశాను.

ఒక సాయంత్రం పిట్టలు గూటికి చేరే వేళ మా అమ్మాయి నా లెక్కల పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎనిమిదో తరగతి. లెక్కల్లో నన్ను పోలలేదు.

“నాన్నా, జతలు నాలుగే అన్నావు కదా, లోపల తొంభై మూడున్నాయి.”

దాది జతలవి పదహారు తీసెయ్యమన్నాను. తీసేసింది. నిరుటి గుంపు ఇరవై పాతవి, అవి ఈ ఏటి పద్దు కాదన్నాను. సరే అంది. రింగులున్న నలభైలో సగం డేగ కోసం ఉంచినవి, డేగ ఇంకా రాలేదన్నాను. నా మొహంలోకి ఒకసారి చూసి అవీ కొట్టేసింది. అతిథుల్ని నేనే కొట్టేశాను. చివరికి అటూ ఇటూ చేసి ఎనిమిది తలలు, నాలుగు జతలకు దగ్గర పడుతున్నాం.

“మరి మగవాటి గదిలో గుడ్లు ఎవరివి?”

జత కట్టకుండా విడిగా ఉంచిన పోతుల గది అది. నాలుగు నెలలుగా మెడ ఉబ్బించి గిరగిరా తిరుగుతూ కూసేది ఒకటుంది, దాని మగతనం మీద నాకు ఏనాడూ అనుమానం రాలేదు. ఆ మూల, పుల్లా పుడకా లేకుండా వట్టి చెక్క మీద, రెండు తెల్లటి గుడ్లు. ఆ కూసే పిట్టే వాటిని రెక్కలకింద సర్దుకుని కూర్చుని ఉంది. నా వేలు దగ్గరికి వెళ్తే రెక్కతో ఫట్‌మని కొట్టింది.

ఒక గుడ్డు ఇవతలికి తీసి టార్చి కోసం జేబు తడుముకున్నాను. అమ్మాయి పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన ఖాతా పేరు రాయడానికి పెన్ను పట్టుకుని చూస్తోంది.