సవరణ: చవక అలాయ్ వీల్స్ గురించి నేను తొందరపడి అన్న మాట

బెంగళూరు జేసీ రోడ్డులో మా స్విఫ్ట్ కారుకి వేయించిన చవక అలాయ్‌ల గురించి మొన్న రాస్తూ, ‘పీసీడీ 4×100 (100 మి.మీ. వలయం మీద నాలుగు బోల్టు రంధ్రాలు) కలిస్తే చాలు, కళ్లు మూసుకుని కొనేయండి’ అన్నాను. తప్పు. ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ మీద 80 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా అంతే. చక్రం విప్పితే గానీ సంగతి తెలియలేదు: స్విఫ్ట్ హబ్‌కి (చక్రం బిగించే నడిమి భాగానికి) కావాల్సిన రంధ్రం 54.1 మి.మీ., ఈ అలాయ్ నడిమి రంధ్రం 73.1. మధ్యలో ఆ ఖాళీని పూడ్చాల్సిన హబ్ రింగ్ లేదు. షాపాయన వేయలేదు, నేనూ అడగలేదు. నాలుగు ప్లాస్టిక్ రింగులు పెట్టించాక వణుకు పోయింది.

చవకవి దండగ అని ఇప్పటికీ అనను. కానీ ‘గుంతలకి రిమ్ వంగదు’ అని రాసిన ముక్క మాత్రం కొట్టేయండి. సిల్క్‌బోర్డు జంక్షన్ గుంతల పుణ్యమా అని ముందు ఎడమ చక్రం లోపలి అంచు అప్పుడే సొట్టపోయింది.