దొడ్డి గుమ్మంలోంచి చూస్తేనే ఎస్టేట్ కథ

వేల్స్‌లో రెక్సమ్ పట్టణం పక్కన ఎర్డిగ్ అనే పాత ఎస్టేట్ ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు అక్కడ సింహద్వారంలోంచి లోపలికి వెళ్లరు. వడ్రంగి కొట్టం, కమ్మరి కొలిమి, గుర్రపుసాల, బట్టలు ఉతికే గది, వంటిల్లు అన్నీ దాటాకే దొరల గదులు వస్తాయి. పనివాళ్ల భోజనాల గదిలో గోడల మీద ఉన్నవి పనివాళ్ల చిత్రాలే. ఇంటి యజమానులైన యార్క్ కుటుంబం 18వ శతాబ్దం నుంచే ఇలాంటివి వేయించి, ఒక్కొక్కరి మీదా పద్యం రాసి పెట్టింది. 1793 నాటి చిత్రంలో ఉన్న జేన్ ఎబ్రెల్ ఆ ఇంట్లో సాలెగూళ్లు దులిపిన ముసలమ్మ. మరో చిత్రంలో కొమ్ము బూర పట్టుకున్న నల్లజాతి కుర్రాడు ఉంటాడు.

జనాన్ని ఏ గుమ్మంలోంచి రానిస్తారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఎస్టేట్ టూరిజం మంచిచెడులు అక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

అసలు ఇలాంటి దొరల ఇళ్ల తలుపులు జనానికి ఎందుకు తెరుచుకున్నాయి? ముఖ్యంగా డబ్బు కోసం. బ్రిటన్‌లో 1894లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీ, అంటే చనిపోయినవాళ్ల ఆస్తి మీద పన్ను, రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద ఆస్తుల మీద 80 శాతం దాకా పోయింది. పొలాల రాబడి తగ్గింది, ఇంటెడు పనివాళ్లను పోషించే రోజులు పోయాయి. 20వ శతాబ్దంలో వెయ్యికి పైగా పెద్ద ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఆ టెన్షన్‌లోనే ఇంగ్లండ్‌లోని లాంగ్‌లీట్ అనే పెద్ద ఇంటి యజమాని 1949లో టికెట్ పెట్టి ఇల్లు తెరిచాడు. 1966లో ఏకంగా సింహాలను తెచ్చి, కారులోంచే చూసే సఫారీ పార్క్ పెట్టాడు. వారసత్వానికీ సింహాలకూ ఏమిటి సంబంధం అనేవాళ్లతో నేను ఏకీభవించను. పాత ఇంటి కప్పు కారడం మొదలైతే బాగుచేయడానికి అయ్యే ఖర్చు మామూలుగా ఉండదు. టీ దుకాణం, పొదల చిక్కుదారి, జింకల పార్క్, పిల్లల ఆటస్థలం ఆ కప్పును నిలబెడుతున్నాయంటే వాటికి దండం పెట్టాల్సిందే. పైగా ఇళ్లు చూపించి డబ్బు తీసుకోవడం కొత్తేమీ కాదు. 18వ శతాబ్దంలోనే ఇలాంటి ఇళ్లలో హౌస్‌కీపర్ వచ్చినవాళ్లను గది గదికీ తిప్పి ఇనాం పుచ్చుకునేది.

నా బాధంతా ఆ టికెట్ కొని లోపలికి వెళ్లినవాళ్లకు ఏం చెబుతున్నారన్నదే. కుర్చీ చెక్క ఏ చెట్టుదో, చిత్రం ఎవరు వేశారో చెబుతారు. దాన్ని కొన్న డబ్బు ఎక్కడిదో చాలాచోట్ల చెప్పరు, చెప్పినా ఓ మూల చిన్న అక్షరాల్లో సరిపెడతారు.

వేల్స్‌లోనే ఉన్న పోయిస్ కోట సంగతి చూడండి. మెట్లు మెట్లుగా దిగే తోటలకు దానికి పెద్ద పేరు. అక్కడే టిప్పు సుల్తాన్ గుడారం ఉంది. తెల్లటి నూలు బట్ట మీద అద్దిన తోరణాలు, ఒక్కో తోరణం కింద ఓ పూలకుండీ. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు చనిపోయేనాటికి మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్. ఈ కోట ఆయన భార్య పుట్టిల్లు. గుడారం అలా అక్కడికి చేరింది, క్లైవ్ కుటుంబం దాన్ని తోట విందులకు పందిరిగా వాడుకుంది. 1765లో మొగల్ పాదుషా షా ఆలం నుంచి మన ఉత్తర సర్కార్లకు ఫర్మానా రాయించుకున్న రాబర్ట్ క్లైవ్ కొడుకే ఈ ఎడ్వర్డ్. ఆ బట్ట ముందు నిలబడిన తెలుగువాడికి అది అందమైన అద్దకంగా మాత్రమే కనిపించదు.

ఇలాంటి పాత ఇళ్లను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ 2020లో ఓ నివేదిక ఇచ్చింది. తన ఆస్తుల్లో 93 చోట్లకు వలస పాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధం ఉందని అందులో ఒప్పుకుంది. దాని మీద అక్కడ పెద్ద గొడవే జరిగింది. సరదాగా తిరగడానికి వస్తే క్లాసు పీకుతారా అన్నది కొందరి కోపం. ఆ కోపంలో కొంత న్యాయం ఉంది. ఆదివారం పిల్లలతో వచ్చినవాళ్లు పేజీలకు పేజీలు చదవరు. అందుకే కథ బోర్డుల్లో కాదు, చేసే పనుల్లో ఉండాలంటాను. వంటింట్లో వరసగా వేలాడే గంటల్లో ఒకటి మోగించి, ఏ గది నుంచి పిలుపొచ్చిందో కనుక్కోమనండి. వేడినీళ్ల బకెట్ పట్టుకుని పనివాళ్ల ఇరుకు మెట్లు ఒక్కసారి ఎక్కించండి. పైకి చేరేసరికి స్నానం ఒకరిదీ చాకిరీ ఇంకొకరిదీ అని పదేళ్ల పిల్లకైనా తెలిసిపోతుంది.

బయట తోటలకూ ఇదే వర్తిస్తుంది. ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో మిల్టన్ ప్రభువు 18వ శతాబ్దంలో తన ఇంటి ముందు చూపుకు అడ్డొస్తోందని ఓ పట్టణాన్నే కూల్చేయించాడు. జనాన్ని కొంత దూరంలో, అచ్చు గుద్దినట్టు ఒకేలా కట్టించిన ఇళ్లలోకి పంపాడు. మిల్టన్ అబ్బాస్ అనే ఆ కొత్త ఊరు, గడ్డి కప్పుల తెల్లటి ఇళ్ల వరసతో, ఫొటోలకు పెట్టింది పేరు. కెమెరాతో వచ్చినవాళ్లను ముందుగా ఆ ఇళ్ల దగ్గరికి కాదు, పాత పట్టణం ఉన్న పచ్చిక దగ్గరికి తీసుకెళ్లాలి. సంత ఇక్కడ జరిగేది, దుకాణాలు ఇక్కడ ఉండేవి అని నేల చూపించి చెప్పాలి. తర్వాత వాళ్లను కొత్త ఊరి దాకా నడిపించాలి, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు వెళ్లిన వైపే.