ముందు యాజమాన్యాలను అడగాలి
చెల్లింపు వార్తలపై, అంటే డబ్బు తీసుకుని వార్తల రూపంలో వేసే ప్రచారంపై, వచ్చిన వ్యాసం తప్పంతా విలేకరి నిజాయితీ మీదికే నెట్టడం నాకు న్యాయంగా తోచలేదు. చాలాచోట్ల మండల విలేకరికి జీతమే ఉండదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి వచ్చే లైన్ అకౌంట్ డబ్బు పెట్రోలుకైనా చాలదు. పైగా ఆగస్టు 15 వస్తోందంటే పత్రికకు శుభాకాంక్షల ప్రకటన తేవడం కోసం సర్పంచి గుమ్మంలో నిలబడక తప్పని మనిషి, మర్నాడు అదే ఊరి ఉపాధి హామీ మస్టర్లలో (కూలీల హాజరు పట్టీల్లో) దొంగ పేర్లున్నాయని ఏ ధైర్యంతో రాయగలడు? 2009 ఎన్నికల తరవాత, పత్రికల ప్రమాణాలను చూసే ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘంగా పాత్రికేయులు మన కె. శ్రీనివాస్ రెడ్డి గారు, పరంజయ్ గుహా ఠాకుర్తా గారు ఈ చెల్లింపు వార్తలపైనే పత్రికల పేర్లతో సహా నివేదిక ఇస్తే, 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి బయటపెట్టింది. పూర్తి పాఠం బయటికి రావడానికి కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించవలసి వచ్చింది. వార్త రాసే చేతికి ప్రకటనల రసీదు పుస్తకం ఇవ్వడం యాజమాన్యాలు ముందు మానాలి.