వెతికాం, దొరకలేదు అంటే చాలట!

మందుల షాపు ముందు ఓ పెద్దావిడ. చేతిలో వాడగా మిగిలిన మాత్రల షీటు ముక్క. పేరులో సగం కత్తెరకి పోయి మూడక్షరాలు మిగిలాయి. కౌంటర్‌లోని కుర్రాడు ఆ ముక్కను లైటు కింద అటూ ఇటూ తిప్పి, ఓ షీటు తీసి ‘ఇదేనా బామ్మా?’ అంటాడు. ఆమెకు తెలిసింది బిళ్ల రంగు ఒక్కటే. తలూపుతుంది. ఒకేలా వినబడే మందుల పేర్ల మీద ఈ దేశంలో జరిగే ఆఖరి తనిఖీ ఆ తలూపుడే. చాలాసార్లు మొదటి తనిఖీ కూడా అదే.

ఫాల్సిగో, ఫాల్సిటాబ్ గొడవ గుర్తుండే ఉంటుంది. రెండూ మెదడుకెక్కే మలేరియాకు వాడేవే, లోపలి మందు మాత్రం వేరు. ఒకప్పుడు ఒకటిగా ఉండి విడిపోయిన రెండు కాడిలా కంపెనీలు ఈ పేర్ల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2001 మార్చిలో కేసును కింది కోర్టుకు తిప్పి పంపుతూ న్యాయమూర్తులు గట్టి మాటలే చెప్పారు. మందులు విషాలు, మిఠాయిలు కావన్నారు. మామూలు సరుకుల పేర్లకు వాడే కొలత వీటికి చాలదన్నారు. ఇన్ని భాషల దేశంలో ఇంగ్లిష్ రానివాళ్లు కూడా ఆ ఇంగ్లిష్ పేర్లే పలకాల్సి వస్తోందని గుర్తుచేశారు. చివర్లో ఔషధ అధికారులకు ఒక సూచన చేశారు: కంపెనీకి అనుమతి ఇచ్చేముందు అలాంటి పేరు ఇప్పటికే ఉందో లేదో ట్రేడ్‌మార్క్ కార్యాలయం వెతికి ఇచ్చే అధికారిక సెర్చ్ రిపోర్టు తెమ్మని అడిగే సంగతి ఆలోచించండి అని.

ఆరోగ్య శాఖ ఆలోచించింది. 18 ఏళ్లు ఆలోచించి 2019 నవంబర్‌లో ఫారం 51 తెచ్చింది. అందులో రాసిచ్చేది కంపెనీయే. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతికాం, కేంద్రం డేటాబేస్‌లో వెతికాం, పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో వెతికాం, ఇలాంటి పేరు దొరకలేదు, మా పేరుతో ఎవరూ పొరబడరు అని. కోర్టు చెప్పింది అధికారిక రిపోర్టు గురించి. చేతికొచ్చింది కంపెనీ సొంత హామీ. పరీక్ష రాసినవాడి చేతికే పేపరిచ్చి దిద్దుకోమన్నట్టు!

రోగం పేరు నుంచో, లోపలి మందు పేరు నుంచో బ్రాండ్లు పుడతాయి కనుక కొంత పోలిక తప్పదని, షాపులో ఫార్మసిస్ట్ ఉంటాడని, ఇంకో తనిఖీ పెడితే చిన్న కంపెనీలు చితికిపోతాయని పరిశ్రమ వాదన. ఫార్మా మీద ఇన్ని వేల కుటుంబాలు బతికే హైదరాబాద్‌లో ఆ బాధ తెలియంది కాదు. కానీ ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ గోడ మీద, మనిషి వేరే ఊళ్లో ఉండే షాపుల సంగతి పాఠకులకు మేం చెప్పాలా?

పేర్ల పోలిక మీద మన వ్యవస్థకు ఓపిక లేదనుకుంటే పొరపాటు. అమృతధార, లక్ష్మణధార అనే మందుల పేర్లు ఒకేలా వినబడుతున్నాయా అని సుప్రీంకోర్టు తేల్చింది 1962లోనే. బెంగళూరులో ఆంధ్రా భోజనానికి పేరుపడ్డ నందిని హోటళ్లకూ కర్ణాటక పాల సమాఖ్య నందిని పాలకూ ఏళ్ల తరబడి నడిచిన తగవు 2018లో హోటళ్ల పక్షాన ముగిసింది. (భోజనానికని బయల్దేరి పాల బూత్‌లో కూర్చున్నవాళ్లు ఉన్నారని మేమైతే వినలేదు.) అన్నిచోట్లా రెండు పక్షాలకూ లాయర్లున్నారు. షీటు ముక్క పట్టుకున్న పెద్దావిడకు ఎవరున్నారు? యజమానులిద్దరూ రాజీపడితే కేసు ముగుస్తుంది, రెండు పేర్లూ మాత్రం అదే కౌంటర్ మీద పక్కపక్కనే ఉంటాయి.

అమెరికాలో ఎసిడిటీ మందు లోసెక్‌ను, ఒంట్లో నీరు తగ్గించే లాసిక్స్‌తో పొరబడుతున్నారని 1990లో ప్రిలోసెక్‌గా మార్చారు. డిప్రెషన్ మందు బ్రింటెలిక్స్‌కు, గుండె రోగుల రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే బ్రిలింటాతో తికమక వస్తోందని 2016లో ట్రింటెలిక్స్ అని పేరు పెట్టారు. అక్కడ మందుతో పాటు పేరునూ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలిస్తుంది. అయినా తప్పులు జరిగాయి. జరిగాక పేరు మారింది. ఇక్కడేమో తప్పంతా డాక్టర్ చేతిరాత మీదికి తోసేస్తారు. జనరిక్ పేర్లు (బ్రాండ్ కాదు, లోపలి మందు పేర్లు), వీలైతే పెద్ద అక్షరాల్లో రాయమని వైద్య మండలి 2016లో చెప్పింది, మంచిదే. మరి కొడుకు పట్నం నుంచి ఫోన్‌లో మందు పేరు చెబితే, ‘ఫాల్సి’ తర్వాత ముక్క ఊళ్లో ఎవరికి వినబడుతుంది?

సెర్చ్ రిపోర్టు అంటే ఒక్క కాగితం. సుప్రీంకోర్టు పేరు పెట్టి మరీ చెప్పిన కాగితం. ఔషధ అధికారులారా, కంపెనీ చెప్పిందే వేదమనుకోవడం మానేసి ఫారం 51తో పాటు దాన్నీ అడగండి. ఎక్కువ ప్రమాదమున్న మందుల్లో ఇప్పటికే ఒకేలా ఉన్న పేర్లను ముందు మార్పించండి. హామీ అబద్ధమని తేలినప్పుడు లైసెన్సు ఏమవుతుందో రూల్‌లోనే రాయండి. ఆ పెద్దావిడ తలూపిందంటే చదువు రాక. ఆఫీసుల్లో కూర్చుని, కంపెనీ పెట్టిన కాగితానికల్లా తలూపుతున్న మీకేం వచ్చింది?